డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌కు సొంత చెకింగ్ మెషీన్: నల్లగొండ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో, సీ లాంగ్వేజ్ పూర్తిచేసి రెండో ఏడాదికి వచ్చిన పిల్లలకు డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ చెప్తాను. బ్యాచ్‌కు 30 మంది, ల్యాబ్ రెండు గంటలు. అంటే ఒక్కొక్కరి దగ్గర నిలబడగలిగేది నాలుగు నిమిషాలు, అందులో సగం "అవుట్‌పుట్ వచ్చింది సార్, సంతకం పెట్టండి" దగ్గరే అయిపోతుంది. అవుట్‌పుట్ వచ్చిందా లేదా చూసే పని మెషీన్‌కు అప్పజెప్పి, ఎందుకు రాలేదో కూర్చుని మాట్లాడే పని నా దగ్గర ఉంచుకోవాలన్నది ప్లాన్. మీ కాలేజీలో ఇదే చేయాలనుకుంటే దశ 2, 5, 6 వదలకండి, మిగతావి పైపైన చూసినా సరిపోతుంది.

దశ 1: మెషీన్, గిట్

స్టోర్ రూంలో మూలకు పడి ఉన్న ఐ3 డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్. పాత హార్డ్ డిస్క్ తీసేసి 240 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టి, ఉబుంటు సర్వర్ 22.04 ఎక్కించాను. స్క్రీన్ అక్కర్లేదు, కీబోర్డు అక్కర్లేదు, ల్యాబ్ స్విచ్‌కు ఒక కేబుల్ చాలు.

1. సర్వర్‌కు ఫిక్స్‌డ్ ఐపీ. దాన్ని బోర్డు మీద పెయింట్‌తో రాయించాం, చాక్‌పీస్‌తో రాస్తే ప్రతి పీరియడ్‌కూ ఎవరో ఒకరు తుడిచేస్తున్నారు.
2. ప్రతి విద్యార్థికి హాల్‌టికెట్ నంబరు పేరుతో ఒక గిట్ రిపోజిటరీ (కోడ్‌నూ, దాని మార్పుల చరిత్రనూ దాచే ఫోల్డర్). పెన్‌డ్రైవ్‌లు బంద్, వాటితోపాటు వచ్చే షార్ట్‌కట్ వైరస్ కూడా బంద్.
3. పుష్ చేయగానే, అంటే కోడ్‌ను సర్వర్‌కు పంపగానే, అక్కడ పోస్ట్-రిసీవ్ హుక్ అనే స్క్రిప్టు దానంతటదే నడుస్తుంది. అది జీసీసీ అనే సీ కంపైలర్‌తో కంపైల్ చేసి, టెస్టులు నడిపి ఏం ప్రింట్ చేస్తే అది విద్యార్థి టెర్మినల్‌లోనే "రిమోట్" అన్న మాట వెనకాల కనిపిస్తుంది. వేరే వెబ్‌సైట్ కట్టాల్సిన పని లేదు.

మొదటి ఇబ్బంది గిట్ దగ్గరే వచ్చింది. రెండు బ్యాచ్‌లవాళ్ళూ అవే సిస్టమ్స్ మీద కూర్చుంటారు, గిట్‌లో పేరు గ్లోబల్‌గా పెట్టి ఉంది, కాబట్టి మధ్యాహ్నం బ్యాచ్ చేసిన కమిట్లన్నీ పొద్దున బ్యాచ్ వాళ్ళ పేర్ల మీద పడ్డాయి. క్లోన్ చేసే చిన్న స్క్రిప్టు ఒకటి ఇచ్చి, పేరును ఆ రిపోజిటరీ వరకే సెట్ అయ్యేలా మార్చాం.

ఇప్పటిదాకా ఖర్చు: ఎస్ఎస్‌డీ 1,650 + కేబుల్, కనెక్టర్లు 250 = రూ. 1,900. టెస్టులు: 0.

దశ 2: అవుట్‌పుట్ పోల్చే పద్ధతి, అది ఎందుకు తీసేశాం

మొదటి ల్యాబ్ స్టాక్ (చివర వేసింది ముందు బయటికొచ్చే దొంతర; వేయడం పుష్, తీయడం పాప్). ఇన్‌పుట్ ఫైలు ఇచ్చి, ప్రోగ్రాం ప్రింట్ చేసింది నా దగ్గరున్న జవాబుతో డిఫ్ కమాండ్‌తో పోల్చాలి. మొదటి బ్యాచ్‌లో దాదాపు అందరికీ సున్నా వచ్చింది, చూస్తే సగం ప్రోగ్రాములు శుభ్రంగా ఉన్నాయి.

ఒకరు "పాప్డ్ = 30" అని ప్రింట్ చేశారు, ఇంకొకరు "ద ఎలిమెంట్ ఈజ్ 30" అని. రెండూ కరెక్టే, డిఫ్‌కు రెండూ తప్పే. నోట్‌ప్యాడ్‌లో రాసిన ఫైళ్ళలో లైను చివర రెండు క్యారెక్టర్లు (13, 10) ఉంటాయి, లైనక్స్‌లో 10 ఒక్కటే. విండోస్‌లో తయారుచేసి పంపిన డేటా ఫైళ్ళు చూడటానికి ఏ తేడా లేకుండానే ఫెయిల్ అయ్యాయి. క్యాట్ కమాండ్‌కు క్యాపిటల్ ఎ ఆప్షన్ ఇచ్చి చూస్తే ప్రతి లైను తోకకూ టోపీ గుర్తు, పక్కన ఎమ్. ఇక సీనియర్ల రికార్డుల్లోంచి ఎత్తిన ప్రోగ్రాముల్లో కోనియో హెడర్, క్లియర్‌స్క్రీన్. అవి డాస్ కాలం నాటి టర్బో సీ కంపైలర్ సరుకు, లైనక్స్ జీసీసీకి ఆ హెడర్ ఏమిటో తెలియదు.

సరే, అక్షరాలు వదిలేసి అంకెలు మాత్రమే ఏరి పోలుద్దాం అని మార్చాను. అప్పుడు మెనూ అడ్డొచ్చింది. "1. పుష్ 2. పాప్ 3. ఎగ్జిట్" అని ప్రతిసారీ ప్రింట్ అవుతుంది కదా, ఆ 1, 2, 3 కూడా జవాబులో చేరిపోయాయి.

అక్కడితో పద్ధతే మార్చాను. ప్రింట్ చేయడం, మెనూ, స్కాన్ఎఫ్ అన్నీ తీసేసి, నాలుగు ఫంక్షన్ల పేర్లున్న ఒక హెడర్ ఫైలు ఇచ్చాను: పుష్, పాప్, పీక్, ఈజ్-ఎంప్టీ. మెయిన్ మాది, ఫంక్షన్లు మీవి. మా మెయిన్ వాళ్ళ ఫంక్షన్లను పిలిచి, వచ్చిన విలువను చూస్తుంది.

"మెయిన్ లేకుంటే ప్రోగ్రాం ఎట్ల నడుస్తది సార్?" అని ముందు బెంచీలోంచే వచ్చింది. ఆ ఒక్క ప్రశ్న మీద ఆ రోజు ల్యాబ్ మొత్తం అయిపోయింది. హెడర్ అంటే ఏమిటి, రెండు సీ ఫైళ్ళను విడివిడిగా కంపైల్ చేసి తర్వాత ఎలా కలుపుతారు, "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అన్న ఎర్రర్ కంపైలర్‌ది కాదు లింకర్‌ది అని ఎలా గుర్తుపట్టాలి. మొదటి ఏడాదిలో ఒక ఫైలు, ఒక మెయిన్, ఎఫ్9 నొక్కడం వరకే చూసి వచ్చిన పిల్లలు వీళ్ళు. నన్నడిగితే రెండో ఏడాది కోర్సు లింక్డ్ లిస్టుతో కాదు, ఇక్కడ మొదలవ్వాలి.

ఖర్చు: రూ. 1,900, మార్పు లేదు. టెస్టులు: స్టాక్ 9 + క్యూ 11 = 20.

దశ 3: ఆగని ప్రోగ్రాములు

లింక్డ్ లిస్టులో (ఒక్కో నోడ్ తన తర్వాతిదాని అడ్రసు దాచుకునే వరుస) పాయింటర్‌ను ముందుకు జరపడం మర్చిపోతే లూప్ ఆగదు, ఇది తెలిసిందే. తెలియనిది ఏంటంటే ఆ లూప్‌లో ఒక ప్రింట్ఎఫ్ ఉంటే ఏమవుతుందో. అవుట్‌పుట్ ఫైలు క్షణాల్లో వందల ఎంబీలు దాటి, కాసేపటికి డిస్క్ నిండి, మిగతావాళ్ళ పుష్‌లు కూడా ఆగిపోయాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో ఫోర్క్ (ప్రోగ్రాం తనలాంటి ఇంకో ప్రాసెస్‌ను పుట్టించడం) విన్న ఉత్సాహంలో ఒకరు దాన్ని లూప్‌లో పెట్టి పంపారు, సర్వర్ పవర్ బటన్ నొక్కి ఆపాల్సి వచ్చింది. పంపినవాళ్ళను తిట్టలేదు, ఎలాగూ ఎవరో ఒకరు పంపేదే.

పెట్టిన కంచె:

1. టెస్టులు నడపడానికి వేరే యూజర్ అకౌంట్, ఎవరి రిపోజిటరీలోనూ రాసే అనుమతి లేదు.
2. టైమ్‌అవుట్ కమాండ్‌తో 2 సెకన్లు. దాటితే అది 124 తిరిగిస్తుంది.
3. ప్రోగ్రాం ఎంత వాడుకోవచ్చో హద్దు పెట్టే యూలిమిట్ కమాండ్‌తో ఫైలు సైజు 1 ఎంబీ, ప్రాసెస్‌లు 32, వర్చువల్ మెమరీ 256 ఎంబీ. (ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, దశ 5లో ఇదే కొంప ముంచింది.)

124, 139 లాంటి అంకెలు చూపిస్తే పిల్లలకు ఏమీ అర్థం కాదు. స్క్రిప్టులో వాటిని తెలుగు చేశాను: 124 అయితే "2 సెకన్లలో ఆగలేదు, లూప్ ఎక్కడ ముగుస్తుందో చూడండి", 139 అయితే "మీది కాని మెమరీని ముట్టుకుంది". అయితే బేస్ కేస్ లేని రికర్షన్ (ఎక్కడా ఆగకుండా తనను తానే పిలుచుకునే ఫంక్షన్) కూడా 139తోనే చస్తుంది, ఎందుకంటే లైనక్స్‌లో ఫంక్షన్ పిలుపులు దాచే స్టాక్ మెమరీకి మామూలుగా 8 ఎంబీలే ఇస్తారు. కాబట్టి ఆ మెసేజ్‌కు "లేదా రికర్షన్ ఆగడం లేదు" అని తగిలించాను. మెసేజ్ తెలుగులోకి మారాక "సార్ ఎర్రర్" అని పిలవడం తగ్గి, "సార్, లూప్ ముగుస్తుంది కదా మరి?" అని పిలుస్తున్నారు. ఈ రెండో రకం పిలుపుకైతే లేచి వెళ్ళబుద్ధవుతుంది.

ఖర్చు: రూ. 1,900. టెస్టులు: 20.

దశ 4: కరెంటు, గడియారం

ఒక పొద్దున విచిత్రం. ఒకమ్మాయి తప్పు సరిచేసి పుష్ చేసింది, జవాబు పాతదే వచ్చింది. మళ్ళీ సరిచేసింది, మళ్ళీ పాతదే. కోడ్ నేనూ చదివాను, తప్పేమీ లేదు. చివరికి ఫంక్షన్ మొత్తం చెరిపేసి పుష్ చేస్తే కూడా అదే పాత జవాబు వచ్చింది! అప్పుడు అర్థమైంది, నడుస్తున్నది కొత్త కోడ్ కానే కాదని.

రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. మదర్‌బోర్డు మీదుండే బిళ్ళ బ్యాటరీ (సీఆర్2032) కూడా చచ్చిపోయి ఉంది. ల్యాబ్‌లో ఇంటర్నెట్ లేదు కాబట్టి టైం సరిచేసుకునే దారీ లేదు. సర్వర్ తేదీ నెలల వెనక్కి వెళ్ళిపోయింది. మేక్ అనే టూల్ చూసేది ఫైళ్ళ టైమే: సోర్స్ ఫైలు టైము ఆబ్జెక్ట్ ఫైలు (దాన్ని కంపైల్ చేయగా వచ్చినది) టైము కంటే కొత్తదైతేనే మళ్ళీ కంపైల్ చేస్తుంది. నిన్నటి ఆబ్జెక్ట్ ఫైలు మీద నిన్నటి తేదీ ఉంది, ఇవాళ్టి సోర్స్ మీద నెలల కిందటి తేదీ పడింది. మేక్ లెక్కలో అంతా అప్ టు డేట్. "క్లాక్ స్క్యూ" అని అది వార్నింగ్ ఇస్తూనే ఉంది, ఆ లైన్లు మన హుక్ స్క్రిప్టు మింగేస్తోంది.

క్లాక్‌టవర్ దగ్గర షాపులో బిళ్ళ బ్యాటరీ 40 రూపాయలు, యూపీఎస్‌కు 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ 1,050. (గడియారం బ్యాటరీకి క్లాక్‌టవర్ దాకా వెళ్ళొచ్చారా అని మా అటెండర్ అన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.) బ్యాటరీలు మార్చినా, మేక్‌ను చెకింగ్‌లోంచి తీసేశాను. ప్రతి పుష్‌కూ కొత్త ఖాళీ డైరెక్టరీ, మొదటినుంచీ కంపైల్. రెండు చిన్న ఫైళ్ళకు అర సెకను కూడా పట్టదు, మేక్‌తో మిగిలేది ఏమీ లేదు. పిల్లలకు మాత్రం మేక్ నేర్పిస్తున్నాను, ఈ కథతో సహా.

ఖర్చు: 1,900 + 1,090 = రూ. 2,990. టెస్టులు: 20.

దశ 5: "నా ల్యాప్‌టాప్‌ల మంచిగనే నడుస్తుంది సార్"

లింక్డ్ లిస్టులో నోడ్ తీసేసే ఫంక్షన్. ఫ్రీ చేసేశాక, అంటే దాని మెమరీ తిరిగిచ్చేశాక, అదే నోడ్ నుంచి నెక్స్ట్ చదివి ముందుకు వెళ్తున్నారు. చాలాసార్లు ఇది నడుస్తుంది, ఎందుకంటే ఫ్రీ చేసిన చోట పాత విలువ ఇంకా చెరగకపోవచ్చు. నడిచింది కాబట్టి కరెక్ట్ అని వాళ్ళ వాదన, అవుట్‌పుట్ ఒక్కటే చూసే మెషీన్ దగ్గర ఆ వాదనకు జవాబు ఉండదు.

ఇలాంటి మెమరీ తప్పులు పట్టే రెండు టూల్స్ పెట్టి చూశాం:

1. వాల్‌గ్రైండ్: మళ్ళీ కంపైల్ చేయనక్కర్లేదు, కానీ నెమ్మది. దానిలోని మెమ్‌చెక్ కింద ప్రోగ్రాం మామూలు కంటే 10 నుంచి 50 రెట్లు నెమ్మదిస్తుందని వాళ్ళ మాన్యువలే చెప్తుంది. లక్ష నోడ్ల టెస్టు దగ్గర మా 2 సెకన్ల గీత దాటేసింది.
2. అడ్రస్ శానిటైజర్: జీసీసీలోనే ఉంటుంది, కంపైల్ చేసేటప్పుడు ఒక ఫ్లాగ్. దాదాపు రెండు రెట్లు నెమ్మది, అంతే. డీబగ్ ఫ్లాగ్ కూడా ఇస్తే తప్పు లైను నంబరు చెప్తుంది, ఆ మెమరీని ఏ లైనులో ఫ్రీ చేశారో కూడా చెప్తుంది.

శానిటైజరే ఖాయం చేశాం. పెట్టగానే అందరి ప్రోగ్రాములూ, నా సరైన ప్రోగ్రాంతో సహా, మొదలవకముందే చచ్చిపోయాయి. కారణం దశ 3లో పెట్టిన వర్చువల్ మెమరీ కంచె. 64 బిట్ మెషీన్ మీద అడ్రస్ శానిటైజర్ తన లెక్కల కోసం టెరాబైట్లలో అడ్రసులు ముందే రిజర్వ్ చేసుకుంటుంది. నిజంగా వాడుకునే ర్యామ్ కొద్దిగానే, కానీ యూలిమిట్ లెక్కపెట్టేది రిజర్వ్ చేసినదాన్ని. 256 ఎంబీ ఎక్కడ, టెరాబైట్లు ఎక్కడ.

ఆ ఒక్క యూలిమిట్ తీసేసి, సిస్టమ్‌డీ-రన్ ద్వారా మెమరీమ్యాక్స్ 256 ఎంబీ పెట్టాను. ఇది నిజంగా వాడిన మెమరీనే లెక్కేస్తుంది. దీనితోపాటు స్వాప్‌ను సున్నా చేయాలి, లేదంటే 256 దాటాక డిస్క్ మీదికి పొర్లుతుంది, ప్రోగ్రాం చావదు, సర్వర్ మాత్రం ఈడుస్తుంది.

ఇక అడ్రస్ శానిటైజర్ పట్టుకున్నవాటిలో నాకు నచ్చింది ఒకటి. మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్‌లో "ఎన్ ఇంటూ 2" అని రాసిన ప్రోగ్రాములు నాలుగైదు వచ్చాయి. 2 ఎక్కడిది? టర్బో సీలో ఇంట్ సైజు 2 బైట్లు, జీసీసీలో 4. పాత రికార్డులో ఎవరో 2 అని రాశారు, అది ఏళ్ళ తరబడి ఒక రికార్డులోంచి ఇంకో రికార్డులోకి దిగుతూ వచ్చింది. కావాల్సిన చోటులో సగమే దొరికింది, మిగతా సగం పక్కవాడి జాగాలో రాస్తున్నారు. ఎన్ని బైట్లో కంపైలర్‌నే అడిగే సైజ్ఆఫ్ ఎందుకు వాడాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా నోట్స్‌లో లేదు. అదే టర్బో సీలో 8 ఫ్యాక్టోరియల్‌ను ఇంట్‌లో వేస్తే 40320కి బదులు మైనస్ 25216 వస్తుంది, 32767 దాటింది కాబట్టి. ఇదీ బోర్డు మీద వేయించాను.

ఖర్చు: రూ. 2,990. టెస్టులు: 20 + లింక్డ్ లిస్ట్ 14 = 34.

దశ 6: టెస్టులు పిల్లలే రాయాలి

దశ 5 అయ్యేసరికి మెషీన్ బాగానే నడుస్తోంది, అదే ఇబ్బంది అయింది. పిల్లలు ఆలోచించడం మానేసి, ఏదో ఒకటి మార్చి సర్వర్‌కు పుష్, ఇంకోటి మార్చి పుష్. చిన్న-సమానం గుర్తు పెట్టి చూడటం, రాకపోతే చిన్నది గుర్తు. ఇలా జల్లెడ పట్టినట్టు పుష్ చేస్తుంటే నేర్చుకున్నదేమీ ఉండదు. పుష్‌లకు లిమిట్ పెడదామా అనుకున్నాను, కానీ లిమిట్ పెడితే కాపీ పెరుగుతుంది. అందుకని ల్యాబ్‌నే తిరగేశాను.

సర్క్యులర్ క్యూ (చివరి గడి నిండాక మళ్ళీ మొదటి గడికి తిరిగే వరుస) ల్యాబ్‌లో వాళ్ళు క్యూ రాయరు, టెస్టులు రాస్తారు. సర్వర్‌లో ఒక సరైన క్యూ, కావాలని చెడగొట్టిన 6 క్యూలు ఉంటాయి. అసర్ట్‌లతో (ఇది నిజం కాకపోతే ఫెయిల్ అని చెప్పే లైన్లు) రాసిన వాళ్ళ టెస్టు ఎన్ని చెడ్డవాటిని పట్టుకుంటే అన్ని మార్కులు. ఎవరో తెలివిగా ఎప్పుడూ ఫెయిలయ్యే అసర్ట్ ఒక్కటే రాసి పంపి ఆరుకు ఆరు కొట్టారు, కాబట్టి రూల్ చేర్చాం: సరైన క్యూ మీద పాస్ కాకపోతే సున్నా.

చెడగొట్టినవి:

1. ఖాళీ క్యూలోంచి తీస్తే పాత విలువే ఇస్తుంది
2. 5 పట్టాల్సినది 4 పడుతుంది
3. చివర వేసింది ముందు వస్తుంది
4. చివరికి చేరాక మళ్ళీ సున్నా దగ్గరికి తిరగదు
5. తీసినప్పుడు లెక్క తగ్గదు
6. ఒకసారి పూర్తిగా ఖాళీ అయితే మళ్ళీ సరిగ్గా నిండదు

1, 2, 3 దాదాపు అందరికీ దొరికాయి. 4 దగ్గర బండి ఆగింది. 5 వేసి 5 తీస్తే 4వ క్యూ కూడా పాస్ అవుతుంది, వెనక కొన 4వ గడి దాటనే దాటదు కాబట్టి (గడుల లెక్క 0 నుంచి). 10, 20, 30, 40, 50 వేసి, రెండు తీసి, అప్పుడు 60 వేయాలి. అది 0వ గడిలో పడాలి, చెడ్డదాంట్లో 5వ గడిలో, అంటే అర్రే బయట పడుతుంది.

ఇక్కడ ఇంకో తిరకాసు. ఆ అర్రే ఒక స్ట్రక్చర్ లోపల ఉంది, దాని పక్కనే ఫ్రంట్ అనే ఇంట్. 5వ గడిలో రాసిన 60 వెళ్ళి ఫ్రంట్‌లో కూర్చుంది. అడ్రస్ శానిటైజర్ కిక్కురుమనలేదు, ఎందుకంటే దాని దృష్టిలో ఆ స్ట్రక్చర్ మొత్తం మన జాగానే. దీనికి అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ కావాలి, అది అర్రే హద్దు చూసి ఇండెక్స్ 5 బయటిదని చెప్తుంది. అది మామూలుగా చెప్పి ఊరుకుంటుంది, ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది. చెప్పగానే ఆగాలంటే రికవర్ వద్దనే ఫ్లాగ్ విడిగా ఇవ్వాలి. ఇప్పుడు మా స్క్రిప్టులో రెండు శానిటైజర్లూ ఉన్నాయి, ఆ ఫ్లాగూ ఉంది.

కాగితం మీద ఐదు గడులు గీసి పెన్సిల్‌తో నింపుకుంటూ చెరుపుకుంటూ 4ను పట్టుకున్న జట్టు ఒకటి ఉంది, హాలియా బస్సు టైం అవుతుందని చెప్పినా లేవలేదు. 6వది ఆ రోజు ఎవరికీ దొరకలేదు, ఇంటికి పంపాం.

ఖర్చు: రూ. 2,990. టెస్టులు: 34, వీటికి అదనంగా చెడగొట్టిన క్యూలు 6.

దశ 7: బస్సు దారులు

గ్రాఫ్ ల్యాబ్‌కు ఏ, బీ, సీ నోడ్లు కాకుండా మన స్టాపులు పెట్టాం: నల్లగొండ, నార్కెట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ. కావాలనే జడ్చర్ల, మహబూబ్‌నగర్ రెండూ విడిగా పెట్టి, వాటి మధ్య మాత్రం 16 అని ఒక దారి వేసి, ఇటువైపు దేనితోనూ కలపలేదు. అతి తక్కువ దూరం కనుక్కునే డైక్‌స్ట్రా పద్ధతి రాయాలి, చేరలేని స్టాపుకు మైనస్ 1 ఇవ్వాలి.

చాలామందికి నల్లగొండ నుంచి జడ్చర్లకు మైనస్ 2147483633 వచ్చింది. మైనస్ 214 కోట్ల 74 లక్షల 83 వేల 633 కిలోమీటర్లు.

చేరని స్టాపుకు దూరం మొదట ఇంట్-మ్యాక్స్, అంటే 2147483647. తక్కువ దూరమున్న స్టాపు ఎంచుకునే చోట చిన్న-సమానం గుర్తు ఉంటే, ఎవరూ మిగలనప్పుడు ఆ ఇంట్-మ్యాక్స్ స్టాపునే ఎంచుకుంటుంది. మహబూబ్‌నగర్‌ను ఎంచుకుని, అక్కడినుంచి జడ్చర్లకు ఇంట్-మ్యాక్స్ ప్లస్ 16 కలిపితే అంకె అటునుంచి ఇటు తిరిగి మైనస్‌లోకి దిగుతుంది, మైనస్ కాబట్టి అదే "తక్కువ దూరం". దశ 6లో చేర్చిన శానిటైజర్ సరిగ్గా ఆ కూడిక ఉన్న లైనును చూపించింది. సరిచేయడానికి రెండు దారులు: ఎంచుకునే చోట చిన్నది గుర్తు ఒక్కటే వాడి, ఎవరూ దొరక్కపోతే లూప్ ఆపేయడం, లేదా కలపబోయే ముందు దూరం ఇంట్-మ్యాక్సేమో చూడటం. రెండూ పాస్ చేశాం.

ప్రింటవుట్లకు 60 రూపాయలు. ఖర్చు: రూ. 3,050. టెస్టులు: 34 + 8 = 42.

ఇంకా తేలనివి

కాపీ పట్టుకునే టూల్ వద్దనుకున్నాం. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ మాస్ 1994 నుంచి ఉంది, పెద్ద ప్రోగ్రాములకు పనికొస్తుంది, కానీ ఆరు లైన్ల పుష్ ఫంక్షన్ ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. చాట్‌బాట్ రాసిచ్చిన కోడ్‌నూ అది ఎలాగూ పట్టలేదు. బదులుగా నాలుగు నిమిషాలు మిగిలాయి కదా, ఆ టైంలో వాళ్ళ కోడ్‌లోనే ఒక లైను చెరిపి ఏ టెస్టు పోతుందో చెప్పమంటున్నాను.

వచ్చే సెమిస్టర్‌లో జావా ల్యాబ్ ఉంది. ఈ స్క్రిప్టు దానికి ఇలాగే సరిపోదు: 30 మంది ఒకేసారి పుష్ చేస్తే జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎంలు 30 లేస్తాయి, ఉన్నది 4 జీబీ. క్యూలో పెట్టి ఒకేసారి నాలుగుకు మించకుండా నడపాలి, అలా చేస్తే చివరివాళ్ళు ఎంతసేపు ఆగాలో కొలిచి చూడాలి. ఇంకో 4 జీబీ ర్యామ్ దొరుకుతుందేమో ఆ షాపులోనే అడిగి పెట్టాను, ఈ బోర్డుకు డీడీఆర్3 కావాలి, సెకండ్ హ్యాండే దిక్కు.